చిన్న వయసులో పోయిన స్నేహితుడి కోసం సంచిక వేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒకటో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా నీతో కలిసి చదువుకున్న ఆ అబ్బాయి సంవత్సరీకం నాటికి ఒక స్మృతి సంచిక తీసుకురావాలని వాళ్ళ అమ్మానాన్నలు నిన్ను అడిగారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. కళాశాలలో తెలుగు పాఠం చెప్పిన పాపానికి ఇలాంటి సంచికలు కొన్ని నా చేతుల మీదుగా వెళ్ళాయి కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఎనభై ఏళ్ళు బతికిన మనిషి గురించి రాయాలంటే చేసిన ఉద్యోగం, కట్టించిన ఇల్లు, పెళ్ళిళ్ళు చేసిన పిల్లలు, వెళ్ళివచ్చిన యాత్రలు ఉంటాయి. ఇరవై మూడేళ్ళ పిల్లవాడికి ఇవేవీ ఉండవు కాబట్టి, రాసేవాళ్ళు ఆ ఖాళీని అతని చావుతోనో, బతికి ఉంటే ఎంతటివాడయ్యేవాడో అనే ఊహతోనో నింపేస్తారు. నువ్వు ఆ రెండింటినీ పక్కన పెట్టు. అతను బతికిన ఇరవై మూడేళ్ళూ సంచిక నిండా కనిపించాలి, అంతే.

రాయడం కన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, అది ఈ వారంలోనే చేయాలి. అతని ఫోను ఎవరి దగ్గర ఉందో కనుక్కో. మన ఇళ్ళలో నెలా రెండు నెలలు గడిచాక ఆ ఫోనులో ఉన్నదంతా తుడిచేసి తమ్ముడికో చెల్లెలికో ఇచ్చేయడం మామూలే. ప్రీపెయిడ్ నంబరు 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకుండా ఉంటే రద్దయి, తరువాత కొత్త మనిషి చేతికి పోవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకుండా ఉంటే తొలగిపోతుంది. గూగుల్ ఖాతాకు రెండేళ్ళ గడువు ఉంది. రెండో మాసికం అయిపోయిందని రాశావు, అంటే చేతిలో ఉన్న వ్యవధి ఎక్కువేమీ కాదు. వాళ్ళ నాన్నగారి అనుమతితో, వాళ్ళ చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోటోలను, ముఖ్యంగా అతని గొంతు ఉన్న వాయిస్ మెసేజీలను, రెండు చోట్ల భద్రం చేయించు. ఇంట్లో వాళ్ళకు పంపినవి, అతను తీసినవి చాలు. మిగిలిన సంభాషణలు చదవవద్దు. ఇరవై మూడేళ్ళ పిల్లవాడికి తల్లిదండ్రులకు తెలియని జీవితం కొంత ఉంటుంది, అది అతని సొంతం. ఒకవేళ ఎవరో అమ్మాయి ఉన్నదని నీకు ముందే తెలిసి ఉంటే, ఆమెను విడిగా కలిసి అడుగు. ఆమె వద్దంటే ఆ ఊసే సంచికలో రాకూడదు, కానీ సభ జరిగే రోజున ఆమె కూర్చోవడానికి ముందు వరుసల్లో ఒక కుర్చీ ఉండేలా చూడు.

ఫోటోలు వాట్సాప్‌లో తిరిగినవి తీసుకోకు, అవి అచ్చులో మసకబారతాయి. తీసినవాళ్ళ దగ్గర నుంచి అసలు ఫైళ్ళను ఈమెయిల్‌లో తెప్పించు. పాత కాగితం ఫోటోలను అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే సరిపోతుంది. పాస్‌పోర్టు ఫోటోకు దండ వేసి ముఖచిత్రంగా పెట్టే అలవాటు నాకు నచ్చదు. ఆ అబ్బాయి ఏదో ఒక పని చేస్తూ ఉన్న ఫోటో ఒకటి తప్పకుండా ఎక్కడో ఉంటుంది, వెతికించు.

ఇక జ్ఞాపకాలు సేకరించడం. ‘మావాడి గురించి నాలుగు మాటలు రాసి పంపండి’ అని అందరికీ సందేశం పెడితే నలభై వ్యాసాలు వస్తాయి, నలభైలోనూ అతను మంచివాడు, కలుపుగోలు మనిషి, ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాడు అని ఉంటుంది. అవి అబద్ధాలు కావు, కానీ అందులో ఆ అబ్బాయి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టినా చెల్లుతుంది. నువ్వు ఒక్కొక్కరినీ విడిగా, చిన్న చిన్న ప్రశ్నలు అడుగు. మీ ఇంటికి వస్తే ఏం తినేవాడు, దేనికి కోపం వచ్చేది, బండి తీసుకుంటే పెట్రోలు పోయించి తెచ్చేవాడా లేక ఖాళీ చేసి తెచ్చేవాడా, ఊతపదం ఏమిటి, ఎవరి దగ్గర అప్పు ఉండేవాడు, పరీక్ష తప్పిన రోజున ఎవరి గదికి వెళ్ళాడు. రాయడం రానివాళ్ళ దగ్గరే అసలైన సరుకు ఉంటుంది కాబట్టి వాళ్ళు చెబుతుంటే నువ్వు రాసుకో.

మా సహోద్యోగి ఒకరి కొడుకు కోసం వేసిన సంచికలో ఇలాంటిదే ఒక పేజీ ఉంది. వాళ్ళ వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మలు కొందరికి ఫోనులో సందేశాలు చదవడం రాదు. గ్యాస్ బండ ఇంటికి తెచ్చినప్పుడు చెప్పవలసిన కోడ్ వాళ్ళ ఫోనుకు వచ్చినా తెలియదు కాబట్టి, ఆ కుర్రవాడు అందరి గ్యాసు పుస్తకాలకూ తన నంబరే ఇచ్చాడట. క్లాసులో ఉన్నా బయటికి వచ్చి, పక్కింటి వాళ్ళకు ఫోన్ చేసి, ఫలానా మామ్మగారికి ఈ అంకెలు చెప్పండి అనేవాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అతను పోయిన తరువాత బండ తెచ్చిన మనిషి కోడ్ అడిగితే ఒక మామ్మగారు ఏం చెప్పాలో తెలియక వాళ్ళ ఇంటికే వచ్చారు, అప్పుడు బయటపడింది. ప్రిన్సిపాల్ గారి సందేశం, శాసనసభ్యుడి సందేశం ముందు పేజీల్లో ఉన్నా, ఆ తల్లి ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించేది మాత్రం ఆ మామ్మగారు చెప్పగా మేము రాసిన పేజీనే.

అమ్మానాన్నలను రాయమని అడగకు. వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు మాట్లాడినప్పుడు విను, ఒప్పుకుంటే రికార్డు చేసుకో; ఒక రోజు ఒక్క మాట కూడా రాకపోవచ్చు, టీ తాగి వచ్చేయి. నాయనమ్మ గాని అమ్మమ్మ గాని ఉంటే ముందు ఆమె దగ్గరికి వెళ్ళు, పసితనపు ముచ్చట్లు ఆమెకు గుర్తున్నట్టు ఇంకెవరికీ గుర్తుండవు.

లోపాలను కత్తిరించవద్దు. బ్యాక్‌లాగులు ఉన్నవాణ్ణి విద్యలో మేటి అని రాస్తే, తెలిసిన స్నేహితులు ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తారు. అతని మొండితనం, ఆలస్యంగా రావడం, క్రికెట్‌లో అవుటయినా ఒప్పుకోకపోవడం, ఇవన్నీ ఉంటేనే మనిషి పోలిక వస్తుంది. అయితే ఎవరి పరువుకైనా భంగం కలిగించేది, ఇంట్లో వాళ్ళను నలుగురిలో నొప్పించేది మాత్రం ఎంత నిజమైనా వదిలేయి.

పోయిన తీరు గురించి ఒక్క వాక్యం చాలు: ఏ తేదీన, ఏ ఊరి దగ్గర, రోడ్డు ప్రమాదంలో. విధి వంచించింది, మృత్యువు కబళించింది వంటి పత్రికల మాటలు దయచేసి వేయవద్దు. తప్పు లారీవాడిదా, రోడ్డుదా అనే చర్చ అసలే వద్దు. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా నడుస్తూ ఉంటే, అచ్చులో ఉన్న మాట రేపు ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేము. నీ తరంవాళ్ళు ముందు ముందు ఇలాంటి సంచికలు ఇంకా వేయవలసి రావచ్చు కాబట్టి ఒక మాట కూడా చెప్పాలి. ప్రాణం తానే తీసుకున్న పిల్లల విషయంలో ఎలా చేసుకున్నారన్నది రాయకూడదు, ఎందుకన్నది ఊహించకూడదు, దాన్ని త్యాగంగా కీర్తించకూడదు. చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 వేయడం మంచిది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

అతని చేతి రాత, చేతి పని సంచికలో ఉండాలని నా పట్టుదల. దానికి కారణం చిత్రకారుడు దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టి, అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్‌లో చిత్రలేఖనం నేర్చుకుని, తిరిగి వచ్చి సొంత ఊళ్ళోనే తోటివారికి నేర్పడం మొదలుపెట్టిన ఆ యువకుడు 1925లో మశూచితో పోయాడు, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, ఇద్దరూ చిత్రకారిణులే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ చిత్రకళా పాఠశాల ఆగిపోకుండా నడిపించాడు. బొమ్మలు తలా ఒక చోటికి చెదిరిపోకుండా నిలిచాయి కాబట్టి రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్ళి ఈ రోజుకూ ఎవరైనా చూడవచ్చు. ఆయన ఎంత గొప్పవాడో చెప్పే ఉపన్యాసాలు ఆ కాలంలో ఎన్ని జరిగాయో గాని, ఆ గదిలో నిలబడినవాళ్ళకు ఉపన్యాసంతో పని లేదు. మన అబ్బాయి చిత్రకారుడు కాకపోవచ్చు. ల్యాబ్ రికార్డు అంచున గీసిన బొమ్మ, అమ్మకు రాసి ఫ్రిజ్ మీద అంటించిన చీటీ, సగంలో ఆపిన ప్రాజెక్టు తాలూకు ఫోటో, ఏదున్నా ఉన్నది ఉన్నట్టుగా, తప్పులు దిద్దకుండా అచ్చు వేయించు.

బడిలో అతని పేరిట బహుమతి పెట్టాలని వాళ్ళ నాన్నగారు అనుకుంటున్నట్టు రాశావు. డబ్బు డిపాజిట్ చేసి వడ్డీతో ఏటా ఇవ్వడం వినడానికి బాగుంటుంది గాని, ప్రధానోపాధ్యాయులు ఒకరిద్దరు బదిలీ అయ్యేసరికి అడిగేవాళ్ళు లేక ఆగిపోయినవి నేను చూశాను. అదే సొమ్ముతో ఒకేసారి బడి గ్రంథాలయానికి పుస్తకాలు కొనడం నా దృష్టిలో మెరుగు.

ముద్రణ సంగతులు క్లుప్తంగా చెబుతాను. పిన్నులు కొట్టే పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. మీరు ఫోన్లలో టైపు చేసిన యూనికోడ్ తెలుగును డీటీపీ వారు ప్రెస్సులలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, కాబట్టి ఇంటిపేర్లను, ఊళ్ళ పేర్లను ఒక్కొక్క అక్షరం చదివి చూడాలి. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. ఇంగ్లీషు తేదీకి పది పదకొండు రోజులు ముందే పడవచ్చు, మధ్యలో అధిక మాసం వస్తే వెనక్కు జరగవచ్చు. పురోహితుణ్ణి అడిగి తేదీ ఖాయం చేసుకున్నాకే ప్రెస్సుకు గడువు చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యం, అమ్మానాన్నలు ఈ పుస్తకాన్ని మొదటిసారి సభలో వేదిక మీద చూడకూడదు. అచ్చుకు వెళ్ళకముందే పూర్తి ప్రతిని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ చేతికిచ్చి, వారం రోజులు వదిలేయి. వాళ్ళు ఏ వాక్యం మీద గీత గీసినా కారణం అడగకుండా తీసేయి. ఆ తరువాత ఆఖరి ప్రూఫు నాకు పంపితే పేర్లు, తేదీలు నేను మరొకసారి సరిచూసి పంపుతాను. ఈ మధ్య కంటికి అద్దాలు మారాయి, కొంచెం పెద్ద అక్షరాల్లో తీయించి పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ