జీడితోటలో కొండచిలువ కనపడితే

అల్లుడూ,

మందస దగ్గర జీడితోట కౌలుకి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మహేంద్రగిరి అంత దగ్గర్లో ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు కొండచిలువ నీ కంట పడుతుంది. పడగానే కర్రలతో జనం పోగవుతారు. వాళ్లని ఆపడమే నీ మొదటి పని.

ముందు అది కొండచిలువో కాదో దూరం నుంచే చూసుకో. పిల్ల కొండచిలువ అనుకుని రక్తపింజర మీద చెయ్యేసినవాళ్లు ఉన్నారు. రక్తపింజర వీపు మీద మచ్చలు గొలుసులా వరసగా ఉంటాయి. కొండచిలువవి పెద్దవి, వంకరటింకరవి, ఒకటున్నట్టు ఇంకోటి ఉండదు. తేల్చుకోలేకపోతే రక్తపింజరే అనుకో. అది కరిస్తే నాటుమందు జోలికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికే.

కొండచిలువకి విషం లేదు, పట్టే బలం. ఊపిరాడకుండా చేసి చంపుతుందని అందరూ అంటారు గానీ, 2015లో దాని చుట్టపు జాతి బోవా మీద చేసిన పరిశోధనలో, బిగించిన కొన్ని సెకన్లకే ఎలుకకి రక్తప్రసరణ ఆగిపోతోందని తేలింది. దవడ ఊడొస్తుందన్నదీ నిజం కాదు. కింది దవడ రెండు సగాలనీ సాగే కణజాలం కలుపుతుంది, అందుకే మేకపిల్ల కూడా లోపలికి పోతుంది.

పొట్ట ఉబ్బి కదల్లేక పడుంటే అసలు ముట్టుకోనివ్వకు. తిన్నది అరగడానికి రోజులు పడుతుంది. కెలికితే కక్కేస్తుంది. కక్కినా నీ మేకపిల్ల బతకదు, పాముకి తిండీ పోతుంది. ఫొటోల కోసం తోక పట్టి లాగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చంపితే సరేసరి, 1972 వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జీవి అది, జైలు తప్పదు.

పిక్కలు ఏరే కాలంలో ఇంకా జాగ్రత్త. సుమారు మార్చి నుంచి జూన్ లోపు గుడ్లు పెడుతుంది. తల్లి వాటిని చుట్టుకుని, రెండు నెలల పాటు దాదాపు తిండి లేకుండా, చల్లబడినప్పుడు కండరాలు వణికించి వెచ్చబెడుతుంది. పాముల్లో ఇలాంటిది అరుదు. చెట్ల కింద ఆకు తగలబెట్టేముందు తుప్పలు, రాళ్ల సందులు, పాత పుట్టలు చూడమని కూలీలకి చెప్పు. కనపడితే ఆ చోటు వదిలేసి అటవీశాఖ వాళ్లకి కబురు పెట్టు. రేంజ్ ఆఫీసు నంబరు ఇప్పుడే రాసిపెట్టుకో.

మేకల సాల సంగతి. దాని మూతి మీది గుంటలు ఒంటి వేడిని పసిగడతాయి, చీకట్లో ఉన్నాయి కదా అని ధీమా వద్దు. మేకపిల్లల్ని రాత్రి లోపలే కట్టు. సన్న కన్నాల ఇనప వల వేయించి, కింద నేలలోకి కాస్త పాతించు.

మీ మావయ్య