ఫ్రూటాలో వారం రోజులు, కట్టులో పన్నెండు వారాలు

మొన్న ఆదివారం ఓ కొత్త జంట మా ఇంటికి భోజనానికి వచ్చారు. అబ్బాయి హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద వచ్చి ఏడాదైంది, అమ్మాయి హెచ్‌ఫోర్ అనే డిపెండెంట్ వీసా మీద వచ్చి మూడు నెలలు. అన్నా మీలాగే మేం కూడా ఫ్రూటా వెళ్ళి వారం రోజులు మౌంటెన్ బైకింగ్ చేద్దామనుకుంటున్నాం, ఏమేం కొనుక్కోవాలి అని అడిగారు. కొనేవి తర్వాత చెప్తాగానీ ముందు మీ ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో చెప్పండి అన్నా. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు, ఆ కార్డు మెయిల్లో వచ్చిన కవర్లోనే ఉందట, ఇంకా చింపలేదు. మాదీ ఒకప్పుడు అదే కథ. పదమూడేళ్ళ నుంచి డెన్వర్ పక్కనే ఉంటూ కూడా నేను చేసిన తెలివితక్కువ పని ఏంటో వాళ్ళకి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా.

ముందు ఊరి సంగతి. ఫ్రూటా కొలరాడోకి పడమటి చివర, గ్రాండ్ జంక్షన్ పక్కన, ఐ-70 మీదే ఉంటుంది. డెన్వర్ నుంచి నాలుగు గంటల పైనే, మధ్యలో ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్టోబర్‌లో కూడా అక్కడ మంచు పడొచ్చు కాబట్టి టైర్లు చూసుకుని బయల్దేరండి. ఫ్రూటా మాత్రం 4,500 అడుగులే, ఎడారి లాంటి ప్రాంతం, వేసవిలో మాడిపోతుంది, అందుకే జనం ఏప్రిల్ మే లోనో సెప్టెంబర్ అక్టోబర్‌లోనో వెళ్తారు. ట్రైల్స్ ఎక్కువభాగం బీఎల్ఎమ్ అనే ఫెడరల్ సంస్థ భూముల్లో ఉంటాయి. పక్కనే కనిపించే కొలరాడో నేషనల్ మాన్యుమెంట్ ఎర్రకొండలు చూసి అందులోకి సైకిల్ వేసుకుపోకండి, అక్కడ రిమ్ రాక్ డ్రైవ్ అనే తార్రోడ్డు మీద తొక్కొచ్చుగానీ కాలిబాటల మీద సైకిళ్ళకి పర్మిషన్ లేదు.

ట్రైల్ బోర్డుల మీద ఆకుపచ్చ గుండ్రం అంటే తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. మొదటిరోజు కోకోపెల్లి వైపున్న రస్ట్లర్స్ లూప్ తొక్కండి, కొత్తవాళ్ళ కోసమే దారి పొడుగునా బోర్డులు పెట్టి నేర్పిస్తారు. రెండోరోజు 18 రోడ్ వైపు, ప్రైమ్ కట్ మీదుగా ఎక్కి కెసెల్ రన్ మీద దిగితే ఆ ఊగుడు వర్ణించలేను, మా ఆవిడ చిన్నపిల్లలా కేకలు పెట్టింది. అక్కడ నీళ్ళు మాత్రం దొరకవు, మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్ళాల్సిందే. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారివ్వాలి, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మనం ఆగాలి. వాన పడితే ఆరోజుకి వంటింట్లోనే ఉండండి, ఆ బంకమట్టి చక్రానికి పట్టుకుంటే సైకిల్ కదలదు, ట్రైలూ పాడవుతుంది.

ఇంకోటి, మన పల్లేరుకాయలు ఇక్కడ కూడా ఉన్నాయి! అదే మొక్క, అదే ముల్లు, వీళ్ళు గోట్‌హెడ్స్ అంటారు. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలంగట్టు మీద నడిచినవాళ్ళకి పరిచయం చెయ్యక్కర్లేదు. అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు ట్యూబ్‌లెస్ టైరేనా, లోపల సీలెంట్ (ముల్లు గుచ్చుకుంటే చిల్లు పూడ్చే ద్రవం) పోశారా అని అడగండి.

ఇప్పుడు అసలు విషయం, బ్రేకులు. మనకి యాక్టివా మీద చెయ్యి అలవాటు, ఎడమ లివర్ నొక్కితే ప్రధానంగా వెనక చక్రం ఆగుతుంది. అమెరికాలో సైకిల్‌కి తిరగేసి ఉంటుంది, ఎడమది ముందు చక్రానికి, కుడిది వెనక చక్రానికి. ఊళ్ళో మామూలు సైకిల్ తొక్కినంతకాలం ఇది తెలియదు, కానీ ఈ మౌంటెన్ బైకులకి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ఒక్కవేలితో తాకితే చాలు పట్టేస్తాయి. మూడోరోజు హార్స్‌థీఫ్ బెంచ్‌కి వెళ్ళాం, దాని మొదట్లో మెట్లుమెట్లుగా రాతి దిగుడు ఉంటుంది, చాలామంది అక్కడ సైకిల్ దిగి మోసుకుంటూ నడుస్తారు, మేమూ నడిచాం, ఎవరూ నవ్వరు. ఆ గండం దాటేసి చదునుగా ఉన్నచోట ఒక కుందేలు అడ్డమొస్తే కంగారులో ఎడమచెయ్యి బిగించేశా. ముందు చక్రం నిలబడిపోయింది, నేను హ్యాండిల్ మీంచి ఎగిరి కుడి అరచెయ్యి ఆనించి పడ్డా. హెల్మెట్ వల్ల తలకి ఏం కాలేదు. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా పారేసి కొత్తది కొనాలి, ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

మణికట్టు కొంచెం వాచింది. వేళ్ళు కదులుతున్నాయి. మా ఆవిడ "ఏమండీ, గ్రాండ్ జంక్షన్ ఇరవై నిమిషాలు కూడా లేదు, ఎక్స్‌రే తీయించుకుందాం పదండి" అంది. నేను ఏమన్నానో తెలుసా, బెణికింది అంతే, ఎక్స్‌రే అంటే వెయ్యి డాలర్లు గుంజుతారు, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్‌వాళ్ళు కట్టడం మొదలెట్టేలోపు ఏడాదికి మనం పెట్టుకోవాల్సిన మొత్తం) మూడువేలు ఉంది మనకి అన్నా. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో ఒకటి మింగి, బామ్ రాసి గుడ్డ చుట్టా. మిగతా నాలుగు రోజులు తను ఒక్కతే ట్రైల్‌కి వెళ్ళొచ్చింది, నేను అద్దె ఇంట్లో ఎడమచేత్తో వంట. ఇంటికొచ్చాక కూడా ఇవాళ తగ్గుతుంది రేపు తగ్గుతుంది అంటూ మొత్తం పదిహేడు రోజులు లాగా. డోర్ నాబ్ తిప్పలేకపోతున్నా, అయినా బెణుకే.

అది బెణుకు కాదు, స్కాఫాయిడ్ అని జీడిపప్పంత ఎముక, బొటనవేలి వైపు మణికట్టులో ఉంటుంది, అది చిట్లింది. అరచెయ్యి ఆనించి పడినవాళ్ళకి విరిగే ఎముకల్లో ఇదొకటి. దీనికి రక్తం ఎక్కువగా ఒకవైపు నుంచే, అదీ వెనక్కి పారినట్టు అందుతుంది, అందుకే అతుక్కోవడం నిదానం, అశ్రద్ధ చేస్తే అసలు అతుక్కోకపోవచ్చు. మీరే చూసుకోవచ్చు ఒక గుర్తు: బొటనవేలు బాగా పైకి లేపితే దాని మొదట్లో మణికట్టు దగ్గర రెండు తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది, పూర్వం నశ్యం అందులో పోసుకుని పీల్చేవాళ్ళట, డాక్టర్లు ఇప్పటికీ దాన్ని నశ్యం డబ్బా అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. పడ్డ తర్వాత ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే బెణుకు అనుకోవద్దు. ఇంకో మెలిక, మొదటిరోజు ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు కూడా. అందుకని అనుమానం ఉంటే స్ప్లింట్ (చెయ్యి కదలకుండా పెట్టే ఆధారం) వేసి పది పద్నాలుగు రోజులకి మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, లేదా ఎమ్మారై. ఎక్స్‌రే క్లియర్ అన్నారు కదా అని స్ప్లింట్ తీసి పడెయ్యకండి.

ఖర్చు సంగతి కూడా చెప్తా, ఎందుకంటే మనవాళ్ళు నోరుమూసుకుని నొప్పి భరించేది దీనికే. నేను భయపడ్డ వెయ్యి డాలర్లు ఎక్కడా లేదు, చివరికి వెళ్ళిన అర్జెంట్ కేర్‌లో (అప్పటికప్పుడు వెళ్ళి చూపించుకునే చిన్న క్లినిక్) ఎక్స్‌రేతో కలిపి మూడొందల లోపే అయింది. అర్జెంట్ కేర్ వేరు, హాస్పిటల్ ఎమర్జెన్సీ రూమ్ వేరు, బిల్లులో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. వేళ్ళు కదులుతూ, స్పర్శ తెలుస్తూ, చర్మం చిట్లకుండా ఉన్న దెబ్బకి ముందు ఇన్‌నెట్‌వర్క్ (మన ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న) అర్జెంట్ కేర్. చాలా ఇన్సూరెన్స్ కార్డుల వెనక నర్స్ లైన్ నంబర్ ఉంటుంది, ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. తల దెబ్బ, స్పృహ తప్పడం, ఎముక బయటికి రావడం, వేళ్ళు తిమ్మిరెక్కి నీలంగా మారడం, ఇలాంటివైతే లెక్కలు వెయ్యకుండా 911. 1986 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఎమర్జెన్సీ రూమ్‌వాళ్ళు మీకు ఇన్సూరెన్స్ ఉందా లేదా అని చూడకుండా పరీక్ష చేసి పరిస్థితి నిలకడకి తేవాలి. 2022 జనవరి నుంచి ఇంకో చట్టం వచ్చింది, ఎమర్జెన్సీలో అవుటాఫ్ నెట్‌వర్క్ హాస్పిటల్‌కి వెళ్ళినా మీ వాటా ఇన్‌నెట్‌వర్క్ లెక్కనే ఉండాలి, హెలికాప్టర్ అంబులెన్స్‌కి కూడా ఇది వర్తిస్తుంది, విచిత్రం ఏంటంటే రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌కి మాత్రం ఆ చట్టం వర్తించదు.

ఇంటికి ఇన్సూరెన్స్‌వాళ్ళ నుంచి ఈఓబీ అని ఓ లెక్కల కాగితం వస్తుంది, దాని మీద పెద్ద అంకె చూసి గుండె ఆపుకోవద్దు, అది బిల్లు కాదని అందులోనే రాసి ఉంటుంది. అసలు బిల్లు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఐటమైజ్డ్ బిల్లు (ఒక్కో పద్దూ విడిగా రాసింది) అడగండి.

ఇప్పుడు నేను నిజంగా మునిగింది ఎక్కడో వినండి. పడింది అక్టోబర్ రెండోవారంలో. వెంటనే చూపించుకుని ఉంటే డిసెంబర్ ఆఖరికల్లా కట్టు విప్పేసేవాళ్ళేమో. నేను నెలాఖరుకి వెళ్ళా, ఆలస్యం అయింది కాబట్టి డాక్టర్ ఏమాత్రం రిస్క్ తీసుకోనంది, బొటనవేలితో సహా పన్నెండు వారాల కట్టు వేసింది. విప్పింది జనవరి మూడోవారంలో. మా ప్లాన్‌లో జనవరి ఒకటికి డిడక్టిబుల్ మళ్ళీ సున్నా నుంచి మొదలు! సీటీ స్కాన్, ఫిజియోథెరపీ మొత్తం కొత్త ఏడాది లెక్కలో పడి సొంత జేబులోంచి కట్టా. మూడొందలు మిగుల్చుకుందామని పదిహేడు రోజులు ఆగినవాడికి అదీ శాస్తి. ఏడాది చివర్లో దెబ్బ తగిలితే స్కాన్లు, ఫాలోఅప్‌లు వీలైనన్ని డిసెంబర్ లోపే పెట్టించుకోండి. హెచ్ఎస్ఏ (వైద్యఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే ఈ బిల్లులకి వాడుకోవచ్చు.

మందుల గురించి ఒక్కమాట. సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో, ఇక్కడి టైలెనాల్ రెండూ ఒకటే మందు, పేర్లు వేరు. డాక్టర్ రాసిచ్చే బలమైన నొప్పి బిళ్ళల్లో కూడా చాలావాటిలో అదే కలిసి ఉంటుంది. అన్నీ కలిపి పెద్దవాళ్ళకి రోజుకి 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే లివర్‌కి ప్రమాదం. నా దగ్గర డోలో ఉందని డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటం దేనికి, చెప్పండి.

ఇక వంట. ఎత్తు ప్రాంతాల్లో నీళ్ళు తొందరగా మరుగుతాయి, ఫ్రూటాలో డెన్వర్‌లో దాదాపు 95 డిగ్రీలకే. మరిగిపోతోంది కదా అని మురిసిపోకండి, ఆ వేడికి కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. వారం రోజులకి వెళ్తుంటే మూడు లీటర్ల చిన్న కుక్కర్ కార్లో పడేసుకోండి, అద్దె ఇంట్లో అన్నీ ఉంటాయి, అది తప్ప. ఆ నాలుగు రోజులూ నేను చేసింది పెసరపప్పు, చారు, గుడ్లు, పెరుగన్నం, అంతే. ట్రైల్ నుంచి దుమ్ముకొట్టుకుపోయి వచ్చిన మనిషి వేడివేడి చారు గిన్నెతో తాగేస్తుంటే నా చెయ్యి నొప్పి కాసేపు మర్చిపోయా.

కట్టు వేశాక అసలు పరీక్ష. ఉల్లిపాయ ఒంటిచేత్తో కోయాలంటే దొర్లిపోతుంది, చాపింగ్ బోర్డుకి కిందనుంచి రెండు స్టీలు మేకులు కొట్టి ఉల్లిపాయ వాటికి గుచ్చి కోసేవాణ్ణి, మేకులు ఉన్నాయని గుర్తుండాలి సుమా. గిన్నె కింద తడిగుడ్డ వేస్తే కలిపేటప్పుడు జారదు. కుక్కర్ మూత ఒక చేత్తో పట్టదు కాబట్టి ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌కి మారా. ఆవకాయ జాడీ మూత మాత్రం తను తియ్యాల్సిందే, ఆ ఒక్కదానికీ రోజూ బతిమాలుకునేవాణ్ణి. ఎముకకి కాల్షియం అని ఊరినుంచి మా అమ్మ ఫోన్లో రాగిజావ తాగు రాగిజావ తాగు అని ఒకటే పోరు, నిజమే, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాకపోతే జావ తాగితే ఎముక అతుక్కోదు, కట్టు వేస్తే అతుక్కుంటుంది, జావ దాని పక్కన. విటమిన్ డి మనవాళ్ళలో చాలామందికి తక్కువ, టెస్ట్ చేయించుకుని అవసరమైతే వాడండి.

కట్టు విప్పాక చెయ్యి పుల్లలా ఉంది, మణికట్టు వంగనే వంగదు. ఫిజియోథెరపీ ఎన్ని విజిట్లు కవర్ అవుతాయో ముందే కనుక్కోండి, చాలా ప్లాన్లకి ఏడాదికి ఇన్ని అని లెక్క ఉంటుంది. వాళ్ళు పిసకడానికి రబ్బరు ముద్ద ఒకటి ఇచ్చారు, ఇంట్లో చపాతీ పిండి పిసికితే పర్లేదా అని అడిగా, మెత్తగా కలిపితే పర్లేదు అన్నారు. మార్చి దాకా మా ఇంట్లో రోజూ చపాతీలే, పిల్లలు విసుక్కున్నారు.

ఇదంతా విని ఆ అమ్మాయి, అయితే వద్దంటారా, అన్నా, అని అడిగింది. ఎందుకొద్దు, మేం మళ్ళీ ఏప్రిల్‌లో వెళ్తున్నాం అన్నా. మా ఆవిడ లేచి గరాజ్‌లోకి తీసుకెళ్ళి నా సైకిల్ చూపించింది, ఎడమ బ్రేక్ లివర్‌కి ఎర్రటేపు చుట్టి ఉంది, సీటు కింది సంచిలో ఇన్సూరెన్స్ కార్డు జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. అబ్బాయి అప్పటికప్పుడు భార్యకేసి తిరిగి ఇంట్లో చింపని కవర్ ఎక్కడ పెట్టావే అని అడుగుతున్నాడు, ఆ అమ్మాయికేమో గుర్తులేదు.