అడవి పందులు చచ్చిపడ్డాయి, నా ఫారం పందులకు ముప్పుందా?

ప్రశ్న: మాది పలమనేరు వైపు అడవి అంచు పల్లె. షెడ్డులో 30 సీమ పందులున్నాయి. హోటళ్లలో మిగిలిన అన్నం, కూరలు తెచ్చి పెడతాను. పోయిన వారం మా గట్టు అవతల రెండు అడవి పందులు చచ్చి కనిపించాయి. కోసుకుని పంచుకుందామని ఊళ్లోవాళ్లంటే నేను వద్దన్నాను. ఇది ఆఫ్రికా జబ్బేనా? టీకా ఉందా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: వద్దని మంచి పని చేశారు. చచ్చిన పందిని చూసి జబ్బు పేరు చెప్పలేం. విషం తిని ఉండొచ్చు, మామూలు స్వైన్ ఫీవర్ కావచ్చు. ల్యాబ్‌లోనే తేలాలి. కానీ మీరడిగిన ఆఫ్రికా జబ్బును, అంటే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బును, కొట్టిపారేయలేం. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడిన ఈ జబ్బు 2022లో కేరళలోని వయనాడ్ ఫారాలకు, 2023 మొదట్లో తమిళనాడులోని ముదుమలై అడవి పందులకు పాకింది. అంటే మన పక్క రాష్ట్రం దాకా వచ్చింది.

ఆఫ్రికాలో ఈ వైరస్ వార్ట్‌హాగ్ అనే అడవి పందికీ, దాని బొరియల్లో ఉండే ఒక రకం పిడుదులకూ మధ్య తిరుగుతుంటుంది. వార్ట్‌హాగ్‌కు జబ్బు లక్షణాలే కనిపించవు. మన అడవి పందికి ఆ అదృష్టం లేదు, సోకితే చాలావరకు చావే. చచ్చాక కూడా కళేబరంలో వైరస్ బతికే ఉంటుంది. వేరే పందులు వచ్చి వాసన చూస్తాయి, చుట్టూ మట్టి తవ్వుతాయి, అంటించుకుపోతాయి.

అయినా అడవి పందుల కాళ్ల మీద ఇది మెల్లగానే నడుస్తుంది. యూరప్ లెక్కల ప్రకారం నెలకు కిలోమీటరో రెండో, అంతకన్నా తక్కువో. వందల కిలోమీటర్లు ఒక్క దూకులో దాటించేది మనిషే. 2018లో బెల్జియం అడవి పందుల్లో ఇది బయటపడేనాటికి దగ్గరలో ఎక్కడా ఈ జబ్బు లేదు. వాళ్లు కంచెలు వేసి, కళేబరాలను వెతికి తీయించి, రెండేళ్లలో వదిలించుకున్నారు.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది అడవి కాదు, హోటల్ తిండి. అందులో వైరస్ ఉన్న పంది మాంసం ముక్క ఒక్కటి చాలు, జబ్బు మీ షెడ్డులోకి రావడానికి. మానేస్తే మేలు. మానలేకపోతే మరిగాక అరగంట పాటు కలుపుతూ ఉడికించి, చల్లార్చి పెట్టండి. పచ్చిది తెచ్చే డబ్బా, ఉడికింది పెట్టే డబ్బా వేరుగా ఉండాలి.

ఆ రోజు గట్టు మీదికి వేసుకెళ్లిన చెప్పులతో షెడ్డులోకి వెళ్లకండి. షెడ్డుకు వేరే బూట్లు పెట్టుకోండి. అడవి పందుల ముట్టె మీ పందులకు తగలకుండా మీటరు ఎడంతో రెండు వరసల కంచె వేయండి. బేరగాళ్ల బండిని గేటు బయటే ఆపండి. ఎవరైనా హఠాత్తుగా చవకగా పందులు అమ్ముతున్నారంటే ఆశపడకండి. ఫారంలో చావులు మొదలైతే మిగతావాటిని అలాగే వదిలించుకుంటారు.

మన దేశంలో దీనికి ఆమోదం పొందిన టీకా లేదు, మందూ లేదు. మామూలు స్వైన్ ఫీవర్ టీకా తప్పక వేయించండి, కానీ అది దీన్ని ఆపదు. మనుషులకు మాత్రం సోకదు.

పందికి 105 డిగ్రీలు దాటి జ్వరం, మేత మానడం, చెవులు, పొట్ట ఎర్రబడి నీలమవడం, హఠాత్తు చావు కనిపిస్తే కోయొద్దు, అమ్మొద్దు. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు గానీ మీ పశువైద్యాధికారికి గానీ ఫోన్ చేయండి. అడవి పందుల కళేబరాలను మీరు పూడ్చకండి, ముట్టకండి. అటవీశాఖ బీట్ ఆఫీసరుకు రేపే చోటు చూపించండి, శాంపిళ్లు తీయడానికి ఆలస్యం కాకుండా ఉంటుంది.