జంతువుల షెల్టర్‌లో పనిచేసేవాళ్ళు డీలా పడకుండా, అందరూ కలిసి సంతోషంగా ఉండాలంటే ఏం చేయాలి?

మీ షెల్టర్‌లో వాలంటీర్లు ఒక్కొక్కరే మానేస్తున్నారు, ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోవడం లేదు, నెలకోసారి అందర్నీ ఎక్కడికైనా తీసుకెళ్తే మళ్ళీ ఉత్సాహం వస్తుందా అని అడిగారు. తీసుకెళ్ళండి, తప్పేం లేదు. కానీ తిరిగొచ్చిన మర్నాడు అవే బోనులు, అవే మొహాలు. పైగా అందరూ వెళ్ళిన రోజు జంతువుల దగ్గర ఎవరో ఒకరు ఉండిపోవాలి. ఆ ఉండిపోయేది ప్రతిసారీ ఒకే మనిషి అవుతారు. వాళ్ళకి ఇంకా మండుతుంది.

చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి నాకు తోచింది చెప్తాను. సంతోషం వెతుక్కుంటూ షెల్టర్ దాటి వెళ్ళక్కర్లేదు. అది లోపలే ఉంటుంది. దాన్ని గమనించే తీరిక మనకి ఉండదు, గమనించినా నవ్వడానికి మొహమాటం.

పని ఎక్కువై జనం మానేస్తారని అందరూ అనుకుంటారు. నేను నమ్మను. పని ఎక్కువైతే ఒళ్ళు నొప్పులొస్తాయి, పడుకుంటే పోతాయి. ఇది ఆ రకం కాదు. బాగైన కుక్క గేటు దాటి కొత్త ఇంటికి వెళ్ళిపోతుంది. బాగవ్వనిది మన కళ్ళ ముందే ఉంటుంది. ఖాళీ అయిన బోనులోకి సాయంత్రానికల్లా ఇంకోటి వచ్చి చేరుతుంది, కాలు విరిగో, పుండులో పురుగులు పట్టో. దాంతో ఎన్ని ప్రాణాలు నిలబెట్టినా, ఎప్పుడు తలెత్తి చూసినా షెల్టర్ నిండా జబ్బు జంతువులే. తల్లి లేని పిల్లికూనకి రెండు మూడు గంటలకోసారి లేచి పాలు పట్టి, తడిగుడ్డతో తుడిచి ఉచ్చ పోయించి, కళ్ళు తెరిచేదాకా ఒళ్ళో పెట్టుకుని సాకిన అమ్మాయి ఉంటుంది. ఆ కూన ఎవరింటికి వెళ్ళిందో ఆ అమ్మాయికి చెప్పే నాథుడుండడు. దత్తత ఫొటోలో మాత్రం ఆఫీసులో కూర్చునేవాళ్ళు వరసగా నిలబడతారు. ఇది నా పాత కడుపుమంట, అడక్కుండానే వచ్చేసింది.

దానికి తోడు, ఇక బాగుపడదని తేలిన జంతువుకి ఇంజెక్షన్ ఇచ్చి బాధ లేకుండా పంపించాల్సి రావడం. ప్రాణం పోద్దామని వచ్చినవాళ్ళ చేతే ప్రాణం తీయిస్తే కలిగే ఒత్తిడి మామూలు ఒత్తిడి కాదని, అది మనస్సాక్షికి సంబంధించినదని, మామూలు టెన్షన్‌కి చెప్పే చిట్కాలు దానికి పనిచేయవని బెర్నార్డ్ రోలిన్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లలోనే రాశాడు. అయినా మన నిర్వాహకులకి ఏటా గుర్తొచ్చేది ఒక్కటే, వ్యక్తిత్వ వికాసం క్లాసు. మా దగ్గరికి వచ్చిన ఒకాయన అందర్నీ కళ్ళు మూసుకుని లోతుగా గాలి పీల్చమన్నాడు. పార్వో (కుక్కల ప్రాణం తీసే అంటుజబ్బు) వార్డు పక్క గదిలో కూర్చోబెట్టి! ఎవరు పీలుస్తారండీ?

పార్వో అన్నాను కాబట్టి, అసలు చెప్పాలనుకున్నది చెప్తాను.

ఒకసారి మాకు ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలు వచ్చాయి. ఒక్కదానికీ టీకా పడలేదు. అన్నిటికీ పార్వో పట్టుకుంది. 1978 నుంచి ప్రపంచమంతా పాకిన జబ్బు ఇది. వాంతులు, నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి ముక్కుకి తగిలినవాళ్ళు జన్మలో మర్చిపోరు. డ్రిప్ పెట్టి, వాంతులు ఆపే మందులిచ్చి, ఆ మొదటి మూడు నాలుగు రోజులు గట్టెక్కించగలిగితే చాలావరకు బతుకుతాయి. మా కుక్కపిల్లలు గట్టెక్కలేదు. ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఈ వైరస్‌కున్న ఇంకో దిక్కుమాలిన గుణం ఏమిటంటే నేలలో నెలల తరబడి చావకుండా ఉంటుంది, ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగే కావాలి. అందుకని ఐసొలేషన్ గది గుమ్మం బయట ఎవరి చెప్పులు వాళ్ళు విడిచి, లోపల ఉంచిన రబ్బరు బూట్లు వేసుకోవాలని మా డాక్టరమ్మ రూలు పెట్టింది.

ఆ పొద్దున ఇంకో కుక్కపిల్ల పోయింది. దాని మీద ఇద్దరు వాలంటీర్లకి మాటామాటా పెరిగింది. “చోటు లేదని తెలిసి ఎందుకు చేర్చుకున్నావ్?” అని ఒకరు, “గేటు బయట పెట్టి పొమ్మంటావా?” అని ఇంకొకరు. తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మా దగ్గర బోనులు కడిగే పెద్దాయన ఉన్నాడు. అందరం బాబాయ్ అంటాం. మనుషులతోనే కాదు, కుక్కలతో కూడా రెండు మాటలే, “జరుగు”, “తిను”. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఇక చుక్క అని ఒక ఆడకుక్క. పుట్టిన దగ్గర్నుంచి ఎవరో గొలుసుతో కట్టేసి ఉంచినట్టున్నారు, మెడ చుట్టూ వెంట్రుకలు రాలిపోయి నల్లటి కాయ కాసి ఉంది. వచ్చిన రోజు నుంచి బోను వెనక మూలలో గోడ వైపు తిరిగి పడుకునేది. మనిషి కనబడితే గిన్నె ముట్టేది కాదు. వంతులేసుకుని దాని బోను ముందు వీపు పెట్టి కూర్చునేవాళ్ళం, దానివైపు చూడకుండా, ఏదో ఒకటి పైకి చదువుతూ. లాభం లేకపోయింది. తలుపు తీసి ఉంచినా గడప దాటేది కాదు. దాంతో కడిగేటప్పుడు దాని తలుపు వేయడం కూడా మానేశాం.

బాబాయ్ ఐసొలేషన్ గది కడిగి బయటికి వస్తే ఒకటే చెప్పు ఉంది. రెండోది లేదు. అరిగిపోయిన నీలం పట్టీల రబ్బరు చెప్పు, ఎవరు తీస్తారు? “ఎవర్రా ఈ వేళాకోళం?” అని అరిచాడు. ఆ రోజు ఎవరికీ వేళాకోళం చేసే ఓపిక లేదు. అప్పుడు నేల చూశాం. వరండా సగం ఆరింది, సగం తడి. ఆరిన మేర తడి పాదాల గుర్తులు, కుక్కవి. చుక్క బోను దగ్గర మొదలై గుమ్మం దాకా వచ్చాయి. గుమ్మం దగ్గర అటూ ఇటూ తచ్చాడినట్టు గజిబిజిగా ఉన్నాయి. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం దూరం దూరంగా పడ్డాయి, అంటే పరిగెత్తింది!

వెళ్ళి చూస్తే చుక్క మొట్టమొదటిసారి మావైపు తిరిగి పడుకుని ఉంది. ముందుకాళ్ళ మధ్య చెప్పు. బాబాయ్ వంగి చెప్పు మీద చెయ్యి వేశాడు. అది పంటితో లాగింది. ఆయన లాగాడు, అదీ లాగింది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, ఎక్కడ కరుస్తుందోనని. అది చెప్పు వదిలేసి, ముందుకాళ్ళు నేలకి చాచి, వెనక భాగం పైకెత్తి, తోక ఊపింది. ఆడుకుందాం రమ్మని ఏ కుక్కైనా పిలిచే పద్ధతి అది. దానికి అది ఎవరు నేర్పారో! “ఉంచుకోవే, దొంగదానా” అని బాబాయ్ నవ్వాడు. ఆయనకి ముందు పన్ను లేదన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. పొద్దున కొట్టుకున్న ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. డాక్టరమ్మ మాత్రం డాక్టరమ్మే. పరిగెత్తుకొచ్చి ముందు రిజిస్టర్ తిరగేసి, చుక్కకి టీకా పడిందని చూసుకుని, చెప్పునీ వరండానీ మళ్ళీ బ్లీచింగ్‌తో కడిగించి, ఆ తర్వాత నవ్వింది. బాబాయ్ ఆ రోజంతా ఒంటి చెప్పుతోనే తిరిగాడు. వేరే జత ఇస్తామంటే వద్దన్నాడు.

అందరం నవ్వుతుంటే ఒక అమ్మాయి మాత్రం, “పొద్దున్నే కదా అది పోయింది, అప్పుడే ఎలా నవ్వుతున్నారు?” అని లేచి వెళ్ళిపోయింది. ఆ కుక్కపిల్ల ప్రాణం పోతున్నప్పుడు చేతుల్లో పట్టుకున్నది ఆ అమ్మాయే. ఆమె బాధలో తప్పు లేదు. కానీ ఆ రూలు ప్రకారం నడిస్తే షెల్టర్‌లో పనిచేసేవాళ్ళు జీవితంలో నవ్వకూడదు, ఎందుకంటే ఏదో ఒకటి పోని వారం ఉండదు. మనుషులు మానేసేది ఏడుపు ఎక్కువై కాదు, నవ్వితే తప్పేమో అనే భయంతోనే అని నా గట్టి నమ్మకం. ఇతరుల బాధ చూసి చూసి మనసు అలసిపోవడం గురించి చార్ల్స్ ఫిగ్లీ అనే మనస్తత్వవేత్త 1995లో పుస్తకమే తెచ్చాడు, ఆ మాట అందరూ పట్టుకున్నారు. బెత్ స్టామ్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన ప్రశ్నావళిలో సాయం చేయడంలో దొరికే తృప్తికి వేరే కొలత, అలసటకి వేరే కొలత ఉన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని ఎక్కడా లేదు. ఒకే రోజు, ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. ఇదే ఆ అమ్మాయికి చెప్తే ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోదు. పనిలో మాత్రం ఉంది.

ఇక మన వాట్సాప్ గ్రూపులు. పొద్దున లేస్తే యాక్సిడెంట్ ఫొటోలు, రక్తం, తెగిన చెవులు. చందాల కోసం బయటికి ఆ ఫొటోలు పెడతారు, సరే. లోపలి గ్రూపులో కూడా ఎందుకండీ? ఆ జంతువుని ఎత్తుకొచ్చిందే మనం కదా! ఎవరైనా “ఈరోజు బ్రౌనీ తనంతట తనే తిన్నది” అని పెడితే రెండు బొటనవేళ్ళు పడతాయి, అంతే. మనస్తత్వవేత్త షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లో వెలువరించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. మంచి వార్త ఇంకొకరితో పంచుకుంటే సంతోషం పెరుగుతుంది, వినేవాళ్ళు ఉత్సాహంగా స్పందిస్తే బంధం కూడా గట్టిపడుతుంది అని తేలింది. వాళ్ళు చూసింది ఎక్కువగా ప్రేమికుల్నీ దంపతుల్నీ అనుకోండి, అయినా మనకీ వర్తిస్తుందనే అంటాను. “తిన్నదా? ఎంత తిన్నది? ఎవరి చేత్తో తిన్నది? వీడియో తీశావా?” అని నలుగురు అడగాలి. బొటనవేలు చాలదు.

ఆటల సంగతి కూడా చెప్పాలి. కుక్కతో కాసేపు బంతాట ఆడితే “ఆడుకోడానికి వచ్చారా?” అనే సూపర్‌వైజర్లు ప్రతిచోటా ఉంటారు. అవునండీ, దానికీ వచ్చాం. యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త ఎలకలకి చక్కిలిగింతలు పెట్టి చూశాడు. మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ కీచులు పరికరాల్లో దొరికాయి, అవి ఆడుకునేటప్పుడు చేసే చప్పుళ్ళే. పైగా గిలిగింతలు పెట్టిన చెయ్యి వెంట పడి, మళ్ళీ పెట్టమన్నట్టు తిరిగాయి. ఎలకకే ఆట కావాలంటే బోనులో ఉన్న కుక్క మాటేమిటి? జంతు సంక్షేమం అంటే ఆకలి, దాహం, నొప్పి, భయం లేకుండా చూడటమే అని పాత లెక్క. డేవిడ్ మెల్లర్ వంటి జంతు సంక్షేమ శాస్త్రవేత్తలు ఆ జంతువుకి సుఖం, సంతోషం ఉన్నాయా అని కూడా చూడాలంటున్నారు. అంటే ఆట కూడా డ్యూటీయే. రోస్టర్‌లో రాయండి, మందుల టైము రాసినట్టే. ఇంజెక్షన్లు వేసేవాళ్ళకి ముందు రాయండి. వాళ్ళని చూస్తేనే కుక్కలు మూలకి పోతాయి, పాపం ఆ బాధ వాళ్ళకీ ఉంటుంది.

దత్తత తీసుకునేవాళ్ళ మీద నాకు వేరే కోపం ఉంది. తీసుకెళ్ళేటప్పుడు కళ్ళనీళ్ళు, తర్వాత ఫోన్ ఎత్తరు. మా దగ్గర ఇప్పుడు దత్తత ఫారం నింపేటప్పుడే, ఆ జంతువుని సాకిన మనిషిని పిలిచి పక్కన నిలబెడతాం. “ఫొటోలు షెల్టర్‌కి కాదు, ఈయనకి పంపండి” అని మొహం మీదే చెప్తాం. ముక్కూమొహం తెలియని సంస్థకి పంపడానికి బద్ధకించేవాళ్ళు, ఎదుట నిలబడ్డ మనిషికి పంపుతారు. చుక్క వెళ్ళిన ఇంటివాళ్ళు బాబాయ్‌కి పంపిన వీడియోలో అది సోఫా మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది. ఆయన ఫోన్‌లో సౌండ్ పెంచి, బోనులు కడగడం ఆపి మరీ అందరికీ వినిపించాడు.

మీరు అడిగింది విహారయాత్ర గురించి కదా. వేయండి. కానీ ఆ రోజు డ్యూటీలో కార్యదర్శినీ, కోశాధికారినీ, ఫొటోల్లో నిలబడేవాళ్ళందర్నీ పెట్టండి. బోనులు కడిగేవాళ్ళు, రాత్రి డ్యూటీవాళ్ళు ముందు బండెక్కాలి. కుదరదంటే, ఎందుకు కుదరదో వాళ్ళనే అందరి ముందూ చెప్పమనండి.