అద్దె ఇంట్లో నేల, గోడలు తక్కువ ఖర్చుతో అందంగా చేసుకోవడం ఎలా?

నేల మీద ముగ్గుకి వంటింట్లో ఉన్న బియ్యంతోనే మొదలుపెట్టండి. గుప్పెడు బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా కలపండి. చిన్న గుడ్డముక్క అందులో ముంచి అరచేతిలో పట్టుకుని, మెల్లగా పిండుతూ ఉంగరపు వేలి మీదుగా గీత జారనివ్వాలి. గీసినప్పుడు ముగ్గు సరిగ్గా కనబడదు, పాడైందనుకుని తుడిచేయకండి. ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. పొడిపిండి ముగ్గులా గాలికి ఎగరదు, తడిబట్ట పెట్టేదాకా రోజుల తరబడి ఉంటుంది. గచ్చు మాత్రం పూర్తిగా ఆరి ఉండాలి, తడి మీద గీత పాకిపోతుంది. ముందుగా జాజుతో, అంటే ఎర్రమట్టితో అలికి, అది ఆరాక వేస్తే ఎర్రటి నేల మీద తెలుపు ఇంకా బాగుంటుంది. కానీ అద్దె ఇల్లు కదా, జాజు వాకిలి వరకే.

నున్నటి టైల్స్ మీద నీళ్లలో ముంచిన సుద్దముక్క చాలు. పాలరాతి మీద పసుపు, కుంకుమ తడిగా పెట్టకండి. మా ఇంటి గుమ్మం దగ్గర పోయిన సంక్రాంతి మరక ఇప్పటికీ ఉంది, ఓనరు గారు వచ్చినప్పుడల్లా దాని మీద చాప వేస్తాం.

గోడకి మేకులు కొట్టనివ్వరు కాబట్టి అట్టముక్కే గోడ అనుకోండి. బెండకాయ తొడిమ వైపు అడ్డంగా కోస్తే రేకుల పువ్వు అచ్చు తయారు. రంగులో అద్ది వరుసగా వేయండి. చిరిగిన పట్టుచీర అంచును అట్టకి చుట్టూ అతికిస్తే ఫ్రేము కొననక్కర్లేదు.