కౌలు రైతుకి తుపాను పరిహారం వస్తుందా?

వస్తుంది. కాకపోతే పొలం ఎవరిదని కాదు, ఈ-క్రాప్‌లో, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ఆన్‌లైన్ జాబితాలో, పంట ఎవరి పేరు మీద ఎక్కిందన్నదే చూస్తారు. మీ నాన్నగారు కౌలుకి చేస్తున్నారని, వరి పడిపోయిందని, పొలం యజమాని హైదరాబాద్‌లో ఉంటారని రాశారు. కాబట్టి ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఆ పేరు ఎవరిదో చూసుకోండి.

మాది బాపట్ల దగ్గర పల్లె. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మా వైపే తీరం దాటింది. మా నాన్న, పక్క చేను బాబాయి ఇద్దరూ కౌలు రైతులే. ఇద్దరూ వేసింది బీపీటీ 5204 రకం వరే. కోతకొచ్చిన చేలు నేలకొరిగి నీళ్లలో నానాయి. ఎండ వచ్చాక దుబ్బు పైకెత్తి చూస్తే కంకి మీదే గింజలు మొలకెత్తి, తెల్లటి వేళ్లు ఒకదానికొకటి అల్లుకుపోయి ఉన్నాయి. నష్టం ఇద్దరికీ ఒకటే. కానీ నాన్నకి కౌలు కార్డు ఉంది, ఈ-క్రాప్‌లో ఆయన పేరే ఎక్కింది. 2024 మార్చిలో డబ్బు ఆయన ఖాతాలో పడింది. బాబాయికి మాత్రం ఆ కార్డు కోసం యజమాని సంతకం పెట్టలేదు. పంట యజమాని పేరు మీదే ఉండిపోయింది, డబ్బూ అటే పోయింది. పెట్టుబడికి అప్పు తెచ్చినవాడికి, కౌలు బస్తాలు ఎలా కొలవాలా అని కుమిలిపోయినవాడికి ఏమీ రాలేదు. ఇది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ కార్డు 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద ఇస్తారు, పదకొండు నెలలే చెల్లుతుంది. దానివల్ల భూమి మీద యజమాని హక్కు పోదు. ఈ మాట మీ యజమానికి ఫోన్ చేసి నిదానంగా చెప్పండి. చాలామంది భయం కొద్దీ సంతకం పెట్టరు, చెడ్డతనంతో కాదు.

పంట నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. మిచౌంగ్ అప్పుడు వరికి హెక్టారుకి 17 వేలు, అంటే ఎకరాకి 6,800 రూపాయలు. 2024 సెప్టెంబర్ వరదలప్పుడు హెక్టారుకి 25 వేలు ప్రకటించారు. పెట్టుబడి మొత్తం తిరిగొస్తుందని మాత్రం అనుకోకండి. రైతుకి రెండు హెక్టార్ల వరకే ఇస్తారు.

వ్యవసాయ సహాయకులు నష్టం రాసుకోడానికి చేలోకి వచ్చినప్పుడు నాన్నగారిని దగ్గరుండమనండి. సర్వే నంబర్, విస్తీర్ణం ఆయన ముందే రాయించుకోవాలి. ఈలోగా నీళ్లు బయటికి తీసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టించండి, మొలక ఆగుతుంది. కొట్టే ముందు చేను ఫొటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత నష్టపోయిన రైతుల జాబితా రైతు సేవా కేంద్రంలో అతికిస్తారు. అభ్యంతరాలు చెప్పడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే, అందుకే అతికించిన రోజే వెళ్లి చూడండి. పేరు లేకపోతే నోటిమాటతో సరిపెట్టకుండా అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి. ఇంకొకటి, డబ్బు మీరు చెప్పిన ఖాతాలో కాకుండా ఆధార్‌కి చివరగా లింకయిన ఖాతాలో పడుతుంది. అది ఏ బ్యాంకో ఇప్పుడే కనుక్కోండి, వాడని పాత ఖాతా అయితే మార్పించండి.

పేరు యజమానిదే ఉందని తేలితే ఇక్కడ రాయండి. అర్జీ ఎలా రాయాలో చెబుతాను.