సీప్యాప్ వాడితే గుండె పనితీరు మెరుగవుతుందా?

మీ నాన్నగారికి స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోవడం) ఉందని, ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ఈఎఫ్ (కొట్టుకున్న ప్రతిసారీ గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే లెక్క) 40 శాతం వచ్చిందని, సీప్యాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషీన్) పెడితే గుండె కోలుకుంటుందా అని అడిగారు. మూడేళ్లుగా ఆ మెషీన్‌తోనే పడుకుంటున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

స్లీప్ స్టడీలో నాకు ఏహెచ్ఐ 46 వచ్చింది. అంటే గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్నమాట. 30 దాటితేనే తీవ్రమైనదిగా లెక్కేస్తారు. నేను నమ్మలేదు. ఒక రాత్రి మా ఆవిడ మేలుకుని ఫోన్‌లో వీడియో తీసింది. అందులో గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. పొట్ట, ఛాతీ ఎగిరెగిరి పడుతున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. దాదాపు నలభై సెకన్ల తర్వాత మునిగి తేలినవాడిలా ఒక్కసారి ఊపిరి లాగాను. చూస్తుంటే భయమేసింది. గొంతు మూసుకుపోయి ఉండగా ఛాతీ అలా లాగుతుంటే గుండె కూడా ఆ లాగుడుకు ఎదురు పనిచేయాలి. పైగా ఆక్సిజన్ పడిపోతుంది, మెలకువ వచ్చిన ప్రతిసారీ బీపీ ఎగబాకుతుంది.

అప్పుడు నా ఈఎఫ్ 42. మెషీన్ తెచ్చుకున్నా, మూడు నెలల తర్వాత ఎకోలో ఏ మార్పూ లేదు. మెషీన్ రికార్డు చూస్తే కారణం తెలిసింది. రాత్రికి మూడు గంటలు కూడా పెట్టుకోవడం లేదు, నిద్రలోనే పీకేస్తున్నాను. మాస్క్ సైజు మార్చి, గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టించుకున్నాక ఆరు గంటలు దాటింది. మొదట తగ్గింది రాత్రిపూట బాత్రూమ్‌కి లేవడం, నాలుగుసార్ల నుంచి ఒక్కసారికి. ఏడాదికి ఈఎఫ్ 50కి వచ్చింది. అయితే ఈలోగా గుండె మందులు కూడా మార్చారు, కాబట్టి ఇదంతా మెషీన్ చలవే అనను.

పరిశోధనల్లోనూ రెండు రకాల ఫలితాలున్నాయి. 2003లో గుండె బలహీనంగా ఉన్న 24 మందిపై చేసిన అధ్యయనంలో, సీప్యాప్ వాడినవారి ఈఎఫ్ నెలరోజుల్లో సగటున 25 నుంచి దాదాపు 34కి పెరిగింది. 2016లో వచ్చిన సేవ్ ట్రయల్‌లో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బున్న 2,700 మందికి పైగా పాల్గొన్నారు. అక్కడ గుండెపోట్లు, పక్షవాతం తగ్గలేదు. వాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. నా మొదటి మూడు నెలల్లాగే!

మీరు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది. నాన్నగారిది గొంతు మూసుకుపోయే అబ్‌స్ట్రక్టివ్ రకమా, మెదడు నుంచి సంకేతం అందని సెంట్రల్ రకమా? గుండె బలహీనపడినవారిలో రెండోది కూడా తరచుగా కనిపిస్తుంది. ఈఎఫ్ 45 లేదా అంతకంటే తక్కువ ఉండి, ప్రధానంగా సెంట్రల్ రకమైతే ఏఎస్‌వీ అనే మెషీన్ (ఊపిరిని బట్టి గాలి ఒత్తిడిని తనే మార్చుకునే మరో రకం) పెట్టకూడదు. 2015 నాటి ట్రయల్‌లో అది వాడినవారిలో గుండె సంబంధిత మరణాలు పెరిగాయి. ఆయనకు 40 అంటున్నారు కాబట్టి స్లీప్ స్టడీ రిపోర్టు కార్డియాలజిస్టుకు చూపించాకే మెషీన్ కొనండి. మందులు మాత్రం ఆపనివ్వకండి.

మాస్క్ విషయంలో ఇబ్బందిపడితే ఇక్కడే రాయండి, నేను ఏమేం మార్చుకున్నానో వివరంగా చెబుతాను.